మూడో నంబరు మీద ఎన్ని కిలోలు?

చలిదేశాల్లో కొత్తగా, రంపపు పొట్టు గుళికలు కాల్చే పెల్లెట్ పొయ్యి కొన్నవాళ్లు మొదటి చలికాలమంతా దాని మీటలతో కుస్తీ పడతారు. పొయ్యి ముఖాన ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి. చలేస్తే పెంచడం, వేడి ఎక్కువైతే తగ్గించడం. మన సీలింగ్ ఫ్యాను రెగ్యులేటరంత సులువుగా కనిపిస్తుంది. తీరా నెల తిరిగేసరికి అనుకున్నదానికంటే ఎక్కువ బస్తాలు ఖాళీ అవుతాయి, ఇల్లు మాత్రం అంతంత మాత్రం వెచ్చన. పొయ్యి మంచిది కాదేమో, పెల్లెట్లు నాసిరకమేమో అన్న అనుమానం మొదలవుతుంది. చాలా ఇళ్లలో తప్పు ఆ రెండింటిదీ కాదు, ఆ అంకెను వేడికి కొలతగా నమ్మడంలో ఉంది. అంకె వేడి ఎంతో చెప్పదు. కాలుతున్న ఇంధనం బరువెంతో కూడా చెప్పదు. లోపలున్న మర నిమిషంలో ఎంతసేపు తిరగాలో చెప్పి ఊరుకుంటుంది. గంటకు ఎన్ని కిలోలు కాలుతున్నాయో ఇంటివాళ్లే తూచి చూసుకోవాలి. ఆ లెక్క చేతిలో లేకుండా పొయ్యి లోపలి ఫ్యాను వేగాన్ని మార్చడం గుడ్డిగా తడుముకోవడమే.

ఈ పొయ్యి పుట్టుక తెలిస్తే దాని స్వభావం తెలుస్తుంది. 1970ల చమురు సంక్షోభాల తర్వాత అమెరికాలో ఇంటి వేడికి చవకైన దారి కోసం వెతుకులాట మొదలైంది. బోయింగ్‌లో ఏరోనాటికల్ ఇంజినీరుగా పనిచేసిన జెర్రీ విట్‌ఫీల్డ్ 1980ల తొలినాళ్లలో సియాటిల్ ప్రాంతంలో ఇంట్లో పెట్టుకోదగ్గ పెల్లెట్ పొయ్యిని తయారుచేశాడు. వాయవ్య రాష్ట్రాల రంపపు మిల్లుల దగ్గర పొట్టుకు కొదవ లేదు. దాన్ని ఆరబెట్టి, అచ్చుల్లోంచి గట్టిగా నొక్కి పంపితే కట్టెలో సహజంగా ఉండే లిగ్నిన్ వేడికి మెత్తబడి అంటుకుని, పెన్సిలు మందాన గుళికలు, అంటే పెల్లెట్లు, వస్తాయి. వేరే జిగురు అక్కర్లేదు. మన ఊళ్లలో టిఫిను బళ్ల దగ్గర రంపపు పొట్టు పొయ్యిని చూసినవాళ్లకు ఇందులో తేడా ఇట్టే అర్థమవుతుంది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, సీసాను మెల్లగా పైకి లాగితే గాలికి దారి ఏర్పడుతుంది. పొట్టు ఎంత బిగువుగా కూరాలో, కన్నం ఎంత ఉండాలో కూరే చేతికి తెలుసు. విట్‌ఫీల్డ్ తరహా పొయ్యిలో ఆ రెండు పనులూ చేతిని వదిలి మోటార్లకు వెళ్లాయి. ఇంధనం వేసే మోటారు ఒకటి, గాలి లాగే మోటారు ఇంకొకటి, వేడిని గదిలోకి తోసే మోటారు మూడోది. బోస్టన్ చుట్టుపక్కలా, న్యూహాంప్‌షైర్‌లోనూ ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు గ్యాసు పైపు రాని చోట చమురు బిల్లు చూసి ఈ పొయ్యి వైపు మళ్లితే, ముందుగా నేర్చుకోవలసింది ఈ మూడు మోటార్ల లెక్కే.

ఇంధనం వేసే మోటారు సంగతి ముందు చూద్దాం, మోసమంతా అక్కడే ఉంది. పైన పెట్టెలో, అంటే హాపర్‌లో, పెల్లెట్లు పోస్తాం. అడుగున ఒక పొడవాటి స్క్రూ ఉంటుంది. అది కొన్ని సెకన్లు తిరిగి, కొన్ని సెకన్లు ఆగి, గుళికల్ని నిప్పుల గిన్నెలోకి జారుస్తుంది. అంకె పెంచితే తిరిగే సెకన్లు పెరుగుతాయి. కానీ స్క్రూ గాడిలో పట్టేది ఘనపరిమాణం, బరువు కాదు. పొట్టి గుళికలు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి గాడిని నింపేస్తాయి. పొడుగువి అడ్డదిడ్డంగా పడి మధ్యలో ఖాళీలు వదులుతాయి. ఐరోపాలో నాణ్యతకు గీటురాయిగా చూసే ‘ఈఎన్ ప్లస్’ ప్రమాణంలోనే ఘనమీటరు పెల్లెట్లు 600 నుంచి 750 కిలోల దాకా తూగవచ్చు. అంటే రెండు బస్తాల మీదా అదే నాణ్యతా ముద్ర ఉన్నా, ఒకే అంకె మీద ఒకదాంట్లోంచి 25 శాతం ఎక్కువ ఇంధనం పడే వీలుంది. గాలి మోటారుకు మాత్రం ఈ సంగతి తెలియదు, పాత వేగంతోనే తిరుగుతుంది. నిన్నటిదాకా శుభ్రంగా మండిన మంట కొత్త బస్తా పోయగానే మసి కక్కడానికి కారణం చాలాసార్లు ఇదే. పెల్లెట్ చెడ్డదని తిట్టుకుంటాం గానీ, చిక్కగా తూగే పెల్లెట్ నిజానికి మంచిదే. దానికి తగ్గ గాలి అందలేదు, అంతే.

గాలి విషయానికొస్తే, రెండు ఫ్యాన్లున్నాయన్న సంగతే చాలామంది పట్టించుకోరు. పొగగొట్టం వైపున్నది దహనానికి గాలి లాగుతుంది. గది వైపున్నది, మామూలుగా బ్లోయర్ అని పిలిచేది, వేడెక్కిన లోహపు గొట్టాల మీదుగా గది గాలిని తోస్తుంది. ఈ రెండు గాలులూ ఎక్కడా కలవవు. రెండింటికీ వర్తించే సూత్రాలు కూడా ఎదురెదురు. దహనపు గాలి మంట శుభ్రంగా ఉండటానికి ఎంత కావాలో అంతే ఉండాలి, అంతకు మించి ఒక్క పిసరు కూడా వద్దు. గది గాలి మాత్రం చెవులు భరించినంత ఎక్కువగా ఉండొచ్చు. జనం చేసేది సరిగ్గా తిరగేసి. మంట పెద్దగా, జోరుగా కనిపించాలని దహనపు గాలి పెంచుతారు, చప్పుడవుతోందని గది ఫ్యాను తగ్గిస్తారు. ఆ రెండు పనులూ కలిసి బస్తాలోని వేడిని పొగగొట్టం గుండా ఆకాశానికి సాగనంపుతాయి.

దహనపు గాలి ఎక్కువైతే ఎంత నష్టమో లెక్క కట్టవచ్చు. కిలో కట్టె పూర్తిగా కాలడానికి సిద్ధాంతరీత్యా సుమారు ఆరు కిలోల గాలి చాలు. వాడుకలో అంత కచ్చితంగా ఇస్తే మసి తప్పదు కాబట్టి రెండు మూడు రెట్లు ఇస్తారు, 15 కిలోలనుకుందాం. ఆ గాలి గది వేడిమి కంటే 150 డిగ్రీలు ఎక్కువ వేడితో బయటికి పోతే, తనతోపాటు 0.6 యూనిట్ల (కిలోవాట్ గంటల) పైచిలుకు శక్తిని పట్టుకుపోతుంది. కిలో పెల్లెట్‌లో ఉండేది దాదాపు 4.8 యూనిట్లు, అందులో 13 శాతం పోయినట్టు. అదే వేడి మీద 35 కిలోల గాలి పోతే నష్టం 30 శాతానికి ఎక్కుతుంది. 35 అన్న అంకెను ఊరికే ఎంచుకోలేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1988లో కట్టె పొయ్యిలకు తెచ్చిన నిబంధనల్లో, గాలి ఇంధనం బరువుకు 35 రెట్లు మించిన పొయ్యిలకు మినహాయింపు ఇచ్చింది. గాలి బొత్తిగా అదుపులేని ఫైర్‌ప్లేస్‌లను దృష్టిలో పెట్టుకుని గీసిన గీత అది. కొన్ని పెల్లెట్ పొయ్యిల తయారీదారులు ఆ గీత దాటితే పరీక్షల బెడద తప్పుతుందని కావాలనే ఎక్కువ గాలి మింగే పొయ్యిలు చేశారు. ధ్రువపత్రం ఖర్చు వాళ్లకు మిగిలింది, ఇంధనం ఖర్చు కొన్నవాళ్ల నెత్తిన పడింది. 2015లో కొత్త నిబంధనలతో ఆ కంత పూడ్చారు. 2020 మే నుంచి గంటకు రెండు గ్రాములకు మించి పొగ ధూళి వదిలే పెల్లెట్ పొయ్యిని అక్కడ కొత్తగా అమ్మకూడదు. ఆ పాత తరం పొయ్యిలు మాత్రం సెకండ్ హ్యాండ్ బజారులో ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి, తక్కువ ధరకు దొరికాయని మురిసేవాళ్లు ఈ లెక్క చూసుకోవడం మంచిది.

కొలిచే పరికరాలేవీ లేని ఇంట్లో గాలి సరిపోయిందో లేదో మంటే చెబుతుంది. మంట బద్ధకంగా, ముదురు నారింజ రంగులో పైకి సాగుతూ, కొసలు నల్లగా వంకర్లు తిరుగుతుంటే గాలి చాలడం లేదు. కొద్ది గంటల్లో అద్దం నల్లబడుతుంది, గిన్నెలో సగం కాలిన గుళికలు పేరుకుంటాయి. మంట పొట్టిగా, తెల్లగా, బుస కొడుతూ ఉండి, నిప్పులు గిన్నెలోంచి ఎగిరి బూడిద పళ్లెంలో పడుతుంటే గాలి మరీ ఎక్కువ. కాలకుండా ఎగిరిపోయిన ఆ చిన్న ముక్కలూ డబ్బు పెట్టి కొన్నవే. పసుపు రంగు మంట చురుగ్గా కదులుతూ, గిన్నె అంచు దాటి కొన్ని అంగుళాలే లేస్తూ, అద్దం మీద ఒక రోజంతటికీ లేత బూడిద రంగు పొర మాత్రమే పడితే సరిగ్గా ఉన్నట్టు. బూడిద కరిగి గిన్నె అడుగున చిట్టెం కట్టిందంటే అది వేరే సంగతి. బెరడూ మట్టీ కలిసిన పెల్లెట్లలో ఆ బెడద ఎక్కువ. చిట్టెం గిన్నె కన్నాలను మూసేస్తుంది కాబట్టి గాలి మీటను ఎంత తిప్పినా లాభం ఉండదు. మీట జోలికి పోయేముందు గిన్నె గోకి చూడాలి.

ఇక గది ఫ్యాను. దీని దగ్గర మోసపోయేది మన చేయి. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ముందున్న రంధ్రాల దగ్గర చేయి పెడితే గాలి చుర్రుమంటుంది. వేగం పెంచితే అదే గాలి గోరువెచ్చగా తగులుతుంది. వేగం పెంచి వేడి పోగొట్టుకున్నామనిపిస్తుంది. లెక్క మాత్రం తలకిందులుగా ఉంటుంది. గంటకు 100 ఘనమీటర్ల గాలి గది కంటే 60 డిగ్రీలు ఎక్కువ వేడితో వస్తే గదికి చేరేది సుమారు 2 కిలోవాట్లు. 200 ఘనమీటర్లు 40 డిగ్రీలు ఎక్కువతో వస్తే 2.7 కిలోవాట్లు. ఇంధనం ఒక్క గుళిక పెరగలేదు. పెరిగిన 0.7 కిలోవాట్లు అంతకుముందు పొగగొట్టంలో పోయినవే. ఫ్యాను మరీ తగ్గిస్తే పొయ్యి ఒళ్లు కాగిపోయి, రక్షణ స్విచ్ పడి, పెల్లెట్లు పడటం ఆగిపోతుంది కూడా. దాన్ని యంత్రం చెడిందనుకుని టెక్నీషియన్‌ని పిలిచేవాళ్లున్నారు. అయితే ఈ లాభానికి హద్దు ఉంది. కనిష్ఠం నుంచి మధ్యస్థానికి పెంచితే కనిపించినంత తేడా, అక్కడి నుంచి గరిష్ఠానికి పెంచితే రాదు. గొట్టాల ఉపరితలం అంతే ఉంటుంది కదా. మంట చిన్నదిగా ఉన్నప్పుడు ఫ్యాను గరిష్ఠంలో పెట్టడం వల్ల చప్పుడూ, వీపుకు చల్లగాలీ తప్ప పెద్దగా ఒరిగేది లేదు.

ఇవన్నీ తెలిసినా తూకం లేకపోతే అందాజు లెక్కే. తూచడం పెద్ద పనేం కాదు. హాపర్ లోపలి గోడకు టేపు ముక్క అంటించి, అక్కడిదాకా పెల్లెట్లు నింపి, ఒకే అంకె మీద ఆరేడు గంటలు నడిపి, మళ్లీ ఆ టేపు దాకా నింపడానికి ఎన్ని కిలోలు పట్టిందో బాత్రూం తూకంతో చూస్తే చాలు. గంటకు 0.7 కిలోలు తేలిందనుకుందాం. రోజంతా నడిస్తే 17 కిలోలు, అంటే అమెరికాలో అమ్మే 40 పౌండ్ల బస్తాకు కాస్త తక్కువ. ఆ 0.7 కిలోల్లో ఉన్న శక్తి 3.4 యూనిట్లు, పొయ్యి 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే గదికి 2.7 కిలోవాట్లు. గంటకు రెండు కిలోలు కాల్చే అంకె మీద బస్తా తొమ్మిది గంటల్లో అయిపోతుంది, గదికి 7.7 కిలోవాట్లు వస్తాయి. సామర్థ్యం గురించి చిన్న హెచ్చరిక. ఐరోపా బ్రోచరులో 90 శాతం అని ఉన్న పొయ్యి అమెరికా పద్ధతిలో 83 దరిదాపుల్లో తేలుతుంది. పొగలో ఆవిరిగా పోయే వేడిని ఐరోపాలో లెక్కలోంచి తీసేస్తారు, అమెరికాలో కలుపుతారు. అమ్మేవాళ్లు ఏ లెక్క నచ్చితే ఆ లెక్క చూపిస్తారు.

రోజుల్ని పోల్చేటప్పుడు వాతావరణాన్ని మరిచిపోకూడదు. లోపల 20 డిగ్రీలు కావాలి, బయట 5 ఉంటే తేడా 15. బయట మైనస్ 5కు పడిపోతే తేడా 25. ఇల్లు కోల్పోయే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది కాబట్టి ఖర్చు మూడింట రెండు వంతులు పెరగడం సహజం. నిన్న ఒక బస్తా, ఇవాళ ఒకటిన్నర పైగా కాలిందని ఫ్యానును నిందించడం న్యాయం కాదు. అమెరికాలో దీనికి వాడే కొలత ‘డిగ్రీ రోజులు’. 65 డిగ్రీల ఫారన్‌హీట్ నుంచి ఆ రోజు సగటు ఉష్ణోగ్రతను తీసేస్తే వచ్చే అంకె. కాల్చిన కిలోలను దానితో భాగిస్తే చలిగా ఉన్న రోజూ, లేని రోజూ ఒకే గాటన వస్తాయి. అప్పుడే ఒక మార్పు పనిచేసిందో లేదో చెప్పగలం. ఫ్యాను ఒక మెట్టు పెంచి, మిగతావేవీ ముట్టుకోకుండా కొద్ది రోజులు చూడటం ఒక్కటే నమ్మదగ్గ పద్ధతి. ఒకేసారి రెండు మీటలు తిప్పితే దేనివల్ల ఏమైందో బ్రహ్మకు కూడా తెలియదు.

ఇంత తతంగం ఎందుకు, బస్తాలు లెక్కపెట్టుకుంటే చాలదా అనేవాళ్లున్నారు. సీజను మొత్తానికి చాలు, ఒప్పుకోవాల్సిందే. కానీ ఏ అంకె మీద, ఏ ఫ్యాను వేగం మీద ఆ బస్తాలు ఖర్చయ్యాయో సీజను లెక్క చెప్పదు. ఆదా ఎంతని లెక్కిస్తే, న్యూ ఇంగ్లండ్‌లో చలికాలానికి మూడు టన్నులు కాల్చే ఇంట్లో అది 150 బస్తాలు. పది శాతం మిగిలినా 15 బస్తాలు. 2022లో ఈ లెక్క ఇటలీ ఇళ్లకు చేదుగా తెలిసింది. ఇళ్లలో పెల్లెట్లు కాల్చడంలో ఐరోపాలో ముందున్న దేశమది. రష్యా, బెలారస్ కట్టె సరుకుపై ఆంక్షలు పడి, 15 కిలోల బస్తా ధర ఐదు యూరోల ప్రాంతం నుంచి పది దాటింది. 2023కు ప్రభుత్వం పెల్లెట్ల మీద వ్యాట్‌ను 22 నుంచి 10 శాతానికి దించాల్సి వచ్చింది. ధర మన చేతిలో లేనప్పుడు మిగిలేది కిలోకు ఎంత వేడి రాబడుతున్నామన్నదే. పెల్లెట్ల ధర దెబ్బకు మన దేశంలోనూ ఒక ఉదాహరణ ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిజ్ఞానంతో బీపీ కంపెనీ 2000ల నడుమ తెచ్చిన ‘ఊర్జా’ వంట పొయ్యి కూడా పెల్లెట్లతో, చిన్న ఫ్యానుతో నడిచేదే. కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడుల్లో లక్షల ఇళ్లకు చేరింది. మంట బాగానే ఉండేది. చెరకు పిప్పి, వేరుశెనగ పొట్టు వంటి ముడిసరుకు ఖరీదై పెల్లెట్ల ధర పెరిగేసరికి ఇళ్లు దాన్ని వదిలేశాయి. ఎంత మంచి ఫ్యాను పెట్టినా కిలో ధర భరించలేనిదైతే పొయ్యి మూలన పడుతుంది, అది వేరే పాఠం. కానీ ధర కొంచెం పెరిగినప్పుడు తట్టుకునే ఇల్లు, గంటకు ఎంత కాలుతోందో తెలిసిన ఇల్లే.

ఇంకో అభ్యంతరం కరెంటు గురించి. ఫ్యాను పెంచితే బిల్లు పెరగదా అని. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం మామూలు వాడకంలో పెల్లెట్ పొయ్యి మొత్తానికి నెలకు సుమారు 100 యూనిట్లు తీసుకుంటుంది, అన్ని మోటార్లూ కలిపి. ఫ్యాను ఒక మెట్టు పెంచడానికి పట్టే కొద్ది వాట్లు, పైన చూసిన 0.7 కిలోవాట్ల ముందు లెక్కలోకి రావు. నిజంగా కరెంటు తినేది వెలిగించే కడ్డీ. వెలిగిన ప్రతిసారీ కొద్ది నిమిషాలపాటు మూడు నాలుగు వందల వాట్లు లాగుతుంది, ఆ నిమిషాల్లో పొగ కూడా ఎక్కువ. అందుకే థర్మోస్టాట్ గంటకు నాలుగుసార్లు పొయ్యిని ఆర్పి వెలిగించే ఇళ్లకంటే, చిన్న మంట మీద ఆగకుండా నడిచే ఇళ్లకు లాభం. దీనికీ ఒక మినహాయింపు ఉంది. రోజుల తరబడి కనిష్ఠంలోనే నడిపితే గొట్టాల్లో మసి పేరుకుంటుంది. రోజుకోసారి కాసేపు పెద్ద మంట మీద నడపమని తయారీదారులు చెప్పే మాట పాటించదగ్గదే.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం కొత్త పొయ్యిల నుంచి వస్తుంది. గాలి ప్రవాహాన్ని, పొగ వేడిని సెన్సర్లతో కొలిచి, ఫ్యాన్లను వాటంతటవే సర్దుకునే పొయ్యిలు ఇటలీ, ఆస్ట్రియా కంపెనీలవి చాలానే ఉన్నాయి. వాటిలో మంటను చూసి గాలి సర్దే పని దాదాపు తప్పుతుంది, నిజమే. కానీ గది చల్లబడితే ఆ పొయ్యి చేసేది ఇంకాస్త ఇంధనం వేయడమే, ఎందుకు చల్లబడిందో అడగదు. గొట్టాల మీద బూడిద పొర పట్టి వేడి గదిలోకి రాకపోయినా, కిటికీ సరిగా మూసుకోకపోయినా దానికి ఒకటే, స్క్రూ మరికొన్ని సెకన్లు తిరుగుతుంది. గది 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి ఇంటివాళ్లకు తేడా తెలియదు. డిసెంబరులో డిగ్రీ రోజుకు ఎన్ని కిలోలు కాలాయో రాసిపెట్టుకున్న ఇంట్లో, జనవరి చివర ఆ అంకె మెల్లగా పైకి జరగడం కనిపిస్తుంది. పొయ్యి చల్లార్చి, గొట్టాలు గోకే కడ్డీని నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ లాగి, ఫ్యాను రెక్కల మీది దుమ్ము బ్రష్‌తో దులిపితే అది మళ్లీ కిందికి దిగుతుంది. రాసుకోని ఇంట్లో అదే పని మార్చిలో టెక్నీషియన్ చేసి, ఫీజు తీసుకుని వెళతాడు. అప్పటికి కాలాల్సిన బస్తాలు కాలిపోయి ఉంటాయి.